పీరాంబీ తనకు చెప్పుకున్న మాట

మాచర్లలో దూదేకుల మహబూబ్‌ది గడ్డి కప్పిన చిన్న ఇల్లు. అతను దూది ఏకితే భార్య పీరాంబీ పరుపులు కుట్టేది. ఆమె ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. చిన్నప్పుడు నత్తి ఉండేదని పుట్టింట్లో అందరూ మొద్దు అని పిలిచేవాళ్ళు. నత్తి పోయింది కానీ ఆ పేరు ఆమె లోపలే ఉండిపోయింది. వేలికి సూది గుచ్చుకున్నా, కూరలో ఉప్పెక్కువైనా, "మొద్దుదాన్ని, నాకేం చాతవుద్ది" అని తనను తానే తిట్టుకునేది.

1946 వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం ఆమె వాకిట్లో కూర్చుని పరుపు కుడుతుంటే వీధి మలుపులో కేకలు వినిపించాయి. ఊరి మోతుబరి కొడుకు అంకారావు, బండి తోలుకునే ఇన్నయ్యను కర్రతో బాదుతున్నాడు. తన గుర్రానికి దారి ఇవ్వలేదని కోపం. తల కాచుకోవడానికి ఇన్నయ్య అడ్డం పెట్టిన చెయ్యి విరిగిన చప్పుడు కూడా ఆమెకు వినిపించింది. వీధిలో చాలామంది చూశారు. పోలీసులు వచ్చి అడిగితే మాత్రం ఎవరికి వారు తామక్కడ లేమన్నారు. పీరాంబీకి అబద్ధం తోచలేదు. చూశానని తల ఊపింది. అంతే, గురజాల కోర్టులో సాక్షి అయిపోయింది.

సమన్లు అందిన మర్నాడు అంకారావు మనిషి ఒకడు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చుట్ట ముట్టించుకుని, మండుతున్న అగ్గిపుల్లను ఆర్పకుండా చూస్తూ నవ్వాడు.

"ఇంటినిండా దూదే గదమ్మా. రవ్వ పడితే ఏంది గతి? కోర్టులో నాకేం కనపళ్ళేదని చెప్పు. నీ బిడ్డలు సల్లగుంటారు."

ఆ రోజు నుంచి పొగవాసన ఆమెను వదల్లేదు. పక్కింటి పొయ్యి రాజుకున్నా దిగ్గున లేచి పిల్లల కోసం పరుగెత్తేది. వీధిలో చెప్పుల చప్పుడైతే అన్నం గొంతు దిగేది కాదు. మహబూబ్‌కూ భయమే. ఆ భయమంతా ఆమె మీద చూపించాడు.

"మనకెందుకే ఈ గోల? కోర్టులో అసలు నోరు తెరవగలవా నువ్వు?"

ఆమె మళ్ళీ సూది అందుకుంది. తన మనసులో ఉన్నదీ అదే.

మిషన్ బడి పంతులమ్మ దేవమ్మ ఆ వారంలోనే పరుపు కుట్టించుకోవడానికి వచ్చింది.

"ఏంది పీరాంబీ, కుట్లట్టా వంకర పోతన్నాయి?"

"నేను చెప్పలేనక్కా. మొద్దుదాన్ని. వాళ్ళ ముందు నా నోరు పడిపోద్ది."

"పొద్దున లేచింది మొదలు నిన్ను నువ్వే తిట్టుకుంటంటే నోరెట్టా లేస్తది? పక్కింటామెను రోజూ మొద్దని పిలువు, ఊరుకుంటదేమో చూద్దాం! నీతో నువ్వు మంచిగా మాట్లాడుకో. నాకు ధైర్యముంది, నాకు భయం లేదు అనుకో. పైకి అను, నీ చెవికి వినపడాల."

పీరాంబీ నీళ్ళు మోస్తూ అనుకుంది, దూది దులుపుతూ అనుకుంది. అన్నకొద్దీ గుండె ఇంకా దడదడలాడింది. తను అబద్ధమాడుతున్నానని ఆ గుండెకు తెలుసు. చివరికి దేవమ్మ దగ్గరికే వెళ్ళి, "ఆ మాట నాలో నిలవట్లేదక్కా" అంది.

దేవమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. "అయితే నిలిచే మాటే అనుకో. నిజమేందో అదే అను."

మర్నాడు సూదిలో దారం ఎక్కిస్తూ పీరాంబీ మెల్లగా అంది: "నాకు భయమేస్తంది." గొంతు తడబడలేదు. "అయినా నేను చూశాను. చూసింది చెప్పగలను." మళ్ళీ అంది. ఆ పూట రెండు ముద్దలు తినగలిగింది.

వాయిదా రోజున మహబూబ్ పిల్లలతో ఇంటికి కాపలా ఉన్నాడు. దేవమ్మ తోడు రాగా ఆమె రైల్లో గురజాల వెళ్ళింది. బంట్రోతు పేరు పెట్టి పిలిస్తే లేచి వెళ్ళింది. బోను కొయ్య పట్టుకుని నిలబడింది. ఎదురుగా అంకారావు రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

అంకారావు ప్లీడరు లేచి, "నీకు నత్తి అట గదా? పుట్టింటివాళ్ళు మొద్దు అనేవాళ్ళట. నీ మాట ఎట్లా నమ్మాలి?" అన్నాడు.

వెనక ఎవరో నవ్వారు. ఆమె నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.

"చెప్పమ్మా, నువ్వేం చూశావు?" అన్నారు మేజిస్ట్రేటు.

"నాకు భయమేస్తందయ్యా." ఆ మాట ఆమెకు తెలియకుండానే పైకి వచ్చేసింది. నవ్వు ఆగిపోయింది. "సాక్ష్యం చెబితే ఇల్లు తగలబెడతామన్నారు. అయినా నేను చూశాను. అంకారావు కర్రతో కొట్టాడు. ఇన్నయ్య చెయ్యి అడ్డం పెడితే అది విరిగింది."

"తగలబెడతామని ఎవరన్నారు?"

తలుపు దగ్గర చుట్ట మనిషి నిలబడి ఉన్నాడు. ఆమె చెయ్యెత్తి చూపించింది. వాడు జారుకోబోతే జవాను పట్టుకున్నాడు.

తిరుగు ప్రయాణానికి ఇద్దరూ రైలెక్కారు. "ఎంత పని చేశానక్కా" అంటూ దేవమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. మాచర్ల దగ్గరపడుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి పొగ కోసం చూసింది. తీరా చేరేసరికి ఇల్లు ఇల్లుగానే ఉంది. మహబూబ్ ఇంట్లో ఉన్న కుండలూ బిందెలూ అన్నీ నీళ్ళతో నింపి, చూరు కింద వరసగా పెట్టి కూర్చున్నాడు.

అంకారావుకు కొన్ని నెలల జైలు పడింది. ఇన్నయ్య చెయ్యి వంకరగానే అతుక్కుంది. ఇంటి మీదికి ఎవరూ రాలేదు కానీ, మిగిలిన వేసవంతా భార్యాభర్తలు అలికిడికల్లా ఉలిక్కిపడుతూనే గడిపారు.

తొలకరి వాన గడ్డికప్పును రవ్వ అంటుకోనంతగా తడిపిన రోజున మహబూబ్ గడపలో కూర్చుని చూరునీళ్ళు చూస్తూ అన్నాడు: "నేనైతే చెప్పలేకపోయేవాణ్ణే."

"నేనూ చెప్పలేననే అనుకున్నా" అంది పీరాంబీ. కారుతున్న చోటి నుంచి పరుపును పక్కకు లాగి, అతనికీ పిల్లలకూ అన్నం వడ్డించి, తనూ కూర్చుని కడుపునిండా తింది.