బొట్టు పెట్టిన టేపు

నాగదుర్గారావుకు కంప్యూటర్లంటే గౌరవమూ లేదు, భయమూ లేదు. తొమ్మిదో తరగతిలో బడి మానేసి, కైకలూరు దగ్గర చేపల చెరువులకు కాపలా కాసి, చివరికి ఏలూరులో ఓ చిన్న సంస్థలో అటెండరుగా తేలిన మనిషి. కొల్లేటి ముసలివాళ్ల మాటలు రికార్డు చేసి దాచడం ఆ సంస్థ పని. రోజూ సాయంత్రం లైనక్స్ సర్వర్‌లోంచి రికార్డుల కాపీ ఎక్కిన నిన్నటి టేపు తీసి, పాత కాపీ మీద కొత్తది ఎక్కేలా వరసలో తర్వాతది పెట్టడం అతని పని. చదువుకున్నవాళ్లకు విసుగనిపించే పనులే తన నెత్తిన పడతాయని అతని కడుపుమంట.

అలా దాచిన మాటల్లో అతని తల్లి పెద్దింటమ్మవీ ఉన్నాయి. చెరువులు తవ్వకముందు సరస్సులో ఏ చోటుని ఏమని పిలిచేవారో ఆవిడ, రికార్డు చేసే మైత్రేయి మేడంకి వరసగా చెప్పింది. అప్పుడతను వినలేదు. వినడానికేముంది, ఇంట్లో మనిషేగా! ఈమధ్యే ఆవిడ పోయింది. పెద్దకర్మ అయ్యాక వచ్చి, "ఒక్కసారి అమ్మ గొంతు పెట్టండి సార్" అన్నాడు, కంప్యూటర్లు చూసే జయంత్‌తో.

ఆవిడ మాటల ఫోల్డర్ ఖాళీ. ఎప్పుడో ఎవరి చెయ్యో తగిలి చెరిగిపోయింది. జయంత్ టేపులు ఒక్కొక్కటే పెట్టి చూశాడు. చెరిగిపోయాక తీసిన కాపీలే అన్నిటి మీదా ఎక్కి కూర్చున్నాయి.

"అన్నీ ఇవేనాండీ, దుర్గారావుగారూ?"

దుర్గారావు తల గోక్కున్నాడు. "ఇంకోటుందండి. దసరాకి మిషన్లకి పూజ చేశాం కదండీ. అప్పుడు టేపుకి పసుపు రాసి బొట్టు పెట్టాను. బొట్టు పెట్టినదాన్ని మళ్లీ చెరిపించడమేంటని బీరువాలో దాచేశాను. దాని బదులు కొత్తది కలిపానండి."

"చెప్పాలి కదండీ!"

"చెబితే నవ్వేవోరు."

"నవ్వేవాణ్ణే. ముందు తీసుకురండి."

జయంత్ కమాండ్ కొట్టాడు. టేపు గరగరమంటూ తిరిగింది. తెర మీద ఫైళ్ల పేర్లు ఒకదాని కింద ఒకటి పడుతున్నాయి. పెద్దింటమ్మ పేరు వచ్చింది. దుర్గారావు కుర్చీ అంచుకు జరిగాడు. అంతలో మిషన్ మూలిగి ఆగిపోయింది.

"కుంకుమ లోపలికి జారిందండీ," అన్నాడు జయంత్. తుడిచి మళ్లీ నడిపినా అదే చోట ఆగింది. "బొట్టు లేకపోతే ఈ మాత్రమైనా ఉండేది కాదు లెండి. వచ్చినంతవరకు విందామా?"

ముందు దగ్గు. తర్వాత గొంతు.

"కొంగల దిబ్బ దాటితే జమ్ము మడుగమ్మా. దాని పక్కన కొరమేను గుంట. మా ఆయన వల పోగొట్టుకుంది అక్కడే, వెధవ నిద్ర! అక్కణ్ణించి ఎడమకి తిప్పితే ముసలి..."

గొంతు తెగిపోయింది.

"ముసలి రేవు," అన్నాడు దుర్గారావు తనకు తెలియకుండానే.

జయంత్ ఆ పేరు టైపు చేశాడు. "ఆ తర్వాతండీ?"

దుర్గారావు కళ్లు మూసుకున్నాడు. పడవ ముందు భాగంలో తడి వల మీద తల పెట్టుకుని పడుకున్న పిల్లాడు, వెనక గెడ వేసి పడవ నడుపుతున్న తల్లి. ముసలి రేవు వచ్చేసరికి వాడు ఎప్పుడూ నిద్రపోయేవాడు, తల్లి ఎత్తుకుని దింపేదాకా లేచేవాడు కాదు.

"ఆ తర్వాత ఇల్లేనండి," అన్నాడు.

జయంత్ ముసలి రేవు కింద 'ఇల్లు' అని టైపు చేశాడు.