తోమిన గంజు

బోరింగు దగ్గర కూర్చుని రాజక్క ఇత్తడి గంజును ఒక పట్టు పడుతోంది. చింతపండుకు లొంగని చోట ఇటుక పొడి, దానికీ లొంగని చోట బూడిద. మోచేతుల దాకా నల్లటి నీళ్లు కారుతున్నాయి. జారిన తెల్ల వెంట్రుక ఒకటి ముక్కుపుడకకు చిక్కుకున్నా తీసుకునే తీరిక లేదు. రోజూ సతాయించే నడుం కూడా ఇవాళ నోరు మెదపలేదు.

నిన్న డ్రాయింగ్ టీచర్ ప్రతిభ వంటగదిలోకి వచ్చి, "రాజక్కా, రేపు నీ గంజు ఇస్తవా? పిల్లలు దాని బొమ్మ గీస్తరు. మంచిగున్నయి జిల్లా ఎగ్జిబిషన్‌కు పంపుత" అంది. పద్మాపూర్ బడిలో ఇన్నేళ్ల వంటలో రాజక్కను ఇంకో గరిటెడు అడిగినవాళ్లున్నారు, ఉప్పు తక్కువైందన్నవాళ్లున్నారు. బొమ్మ కోసం గిన్నె అడిగినవాళ్లు మాత్రం లేరు. అది సర్కారు సామాను కూడా కాదు, ఆమె పుట్టింటి గంజు. పోపు దాంట్లో పెడితేనే పప్పుకు వాసన అని పట్టుబట్టి తెచ్చుకుంది.

అది బొమ్మలో ఎలా ఉంటుందో కళ్లారా చూడాలి. చూస్తే ఇవాళే చూడాలి. సోమవారం నుంచి పిల్లల తిండి పట్నంలోని పెద్ద వంటశాల నుంచి బండిలో వస్తుంది. రాజక్క సాయంత్రం బస్సుకు కోర్పనా దగ్గర చెల్లెలి ఊరికి, పత్తి ఏరడానికి వెళ్లిపోతుంది. పిల్లలకు చెప్పొద్దని ప్రతిభ దగ్గర మాట తీసుకుంది. ఏడుపులు ఆమెకు గిట్టవు, ముఖ్యంగా తనవి.

బొగ్గు గనుల ఊళ్లో ఆరేసిన చీర మీదా, మూత పెట్టిన కడవ మీదా నల్ల పొడి పడుతూనే ఉంటుంది. అక్కడ దేనికి మర్యాద చేయాలన్నా ముందు దాని నలుపు వదిలించాలి. రాజక్క వదిలించింది. పొద్దెక్కేసరికి గంజు కొత్త పెళ్లికూతురిలా మెరిసింది. రెండు చేతులా పట్టుకుని తరగతి గదిలోకి తెచ్చేసరికి ప్రతిభ ముఖం వాడిపోయింది.

"అయ్యో, తోమినవా!"

"మరి? బొమ్మకు పోయేది మసితోని పోతదా?"

"ఆ మసి కోసమే అడిగిన అక్కా. గీసెతందుకు పిల్లలకు బొగ్గు ముక్కలు సుత తెప్పించిన."

రాజక్క గంజుతో వెనక్కి తిరిగింది. "పొయ్యి మీద పెట్టి మల్ల మసి పట్టించుకొస్త, జర ఆగుండ్రి" అంది. ఏళ్ల తరబడి పట్టిన మసి గంటలో వస్తుందా! పిల్లలు అప్పటికే అట్టలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ప్రతిభ నిట్టూర్చి, స్టూలు మీద ఎర్ర గుడ్డ పరిచి, గంజు పక్కన రెండు ఉల్లిగడ్డలు పెట్టింది. పిల్లల బొమ్మలు తన వల్లే చెడిపోతాయన్న దిగులుతో రాజక్క వంటగదిలో నిలవలేకపోయింది. పప్పు పొయ్యి మీద వదిలేసి, గరిటె చేతిలో ఉండగానే వచ్చి కిటికీ బయట నిలబడింది.

"మేడం!" దివ్య అనే పిల్ల కేక పెట్టింది. "గంజుల కిటికీ ఉంది! కిటికీల రాజక్క మావ్షి ఉంది!" బడి పిల్లలందరికీ ఆమె మావ్షే, మరాఠీలో పిన్ని.

అంతే, గది గదంతా గంజు మీద పడింది. "నేను సుత ఉన్న!" "నా ముక్కు చూడు, వంకాయంత!" ప్రతిభ వంగి చూసింది. ఆమె ముఖం కూడా గంజులాగే వెలిగింది. "ఎవలకు ఏం కనిపిస్తే అది గీయుండ్రి! ఉరుకుండ్రి, మీ జాగలల్ల కూసోండ్రి!"

రాజక్క సంతోషం పట్టలేక ఇంకాస్త ముందుకు వంగింది.

"మావ్షీ, హలూ నకో! కదలకు!" అని అరిచారు పిల్లలు.

రాజక్క బిగుసుకుపోయింది. పని లేకుండా ఇంతసేపు నిలబడడం ఆమె పుట్టి బుద్ధెరిగాక ఇదే. బొగ్గు ముక్కలు కాగితాల మీద గరగరలాడుతున్నాయి. అంతలో వంటగది వైపు నుంచి వాసన వచ్చింది.

"మేడం," పెదవులు కదలకుండా అంది, "పప్పు అడుగంటుతుంది."

"నువ్వు కదలకు, నేను పోత!" ప్రతిభ చెంగు దోపుకుని పరుగెత్తి, అంతే వేగంగా తిరిగొచ్చింది. "గరిటె!"

"గరిటె బొమ్మల ఉంది మేడం, ఇయ్యద్దు!" అంది దివ్య.

ఆ పూట పద్మాపూర్ బడి పప్పును కలిపింది గరిటె కాదు, కడిగిన చెక్క స్కేలు. కొంచెం మాడు వాసన వేసినా పిల్లలు మళ్లీ మళ్లీ వడ్డించుకున్నారు.

మధ్యాహ్నం బొమ్మలన్నీ వరండాలో తాడుకు వేలాడదీశారు. రాజక్క చేతులు తుడుచుకుంటూ ఒక్కొక్కటే చూసింది. ఒకదాంట్లో బొటనవేలంత ఉంది. ఒకదాంట్లో విల్లులా వంగిపోయింది. ఒకదాంట్లో ముఖం లేదు గానీ గరిటె బ్రహ్మాండంగా ఉంది. దివ్య బొమ్మలో చుట్టూ చిక్కటి బొగ్గు నలుపు, మధ్యలో తెల్లగా వదిలేసిన గంజు, గంజులో కిటికీ, కిటికీలో ఆమె. ముక్కుపుడకకు చిక్కిన వెంట్రుకతో సహా.

"గీ వెంట్రుక సుత గీసినవా పిల్లా!" నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకుని, పొగ అంది. పొయ్యి ఆరి చాలాసేపైంది.

"సోమవారం రంగులేస్త మావ్షీ. మల్ల గక్కడనే నిలబడతవా?"

రాజక్క పిల్ల తల నిమిరింది. "గంజు ఈడనే ఉంటది తీయ్."

సాయంత్రం ప్రతిభ గేటు దాకా గంజు మోసుకొచ్చింది. "అక్కా, నీ పుట్టింటిది."

"నా ఎంబడి వస్తే మల్ల మసి పడ్తది మేడం. ఈడనే ఉండనీయుండ్రి. పిల్ల రంగులేస్తనన్నది." కోర్పనా వైపు పోయే గడ్‌చాందూర్ బస్సు వచ్చింది. రాజక్క చేతి సంచి చంకన పెట్టుకుని ఎక్కింది.

సోమవారం బడి ముందు బండి ఆగి, మూతలు బిగించిన స్టీలు డబ్బాల్లో పప్పు దిగింది. దివ్య పసుపు రంగు కలిపి, కుంచె తడిపి కూర్చుంది. ఎర్ర గుడ్డ మీద గంజు మెరుస్తోంది. దాని పొట్టలో కిటికీ ఉంది, కిటికీలో ఎండ ఒక్కటే ఉంది.