డ్రమ్ములు కడిగేవాళ్ళు

…అయినా తనెందుకు తలూపాడు? మేస్త్రి అడగనైనా లేదు. షెడ్డులో అందరి ముందూ "మీ బావ తాగొచ్చాడు కదరా" అన్నాడంతే, తల దానంతటదే ఊగింది. భయం నోటికన్నా ముందు మెడను పట్టుకుంటుంది కాబోలు. బావ తాగుడు జోలికే పోడని తెలిసిన తల అది. నిన్న పురుగుమందు డ్రమ్ములు కడుగుతూ బావ ఆ నీళ్ళలోనే కూలబడ్డాడు. నోట్లోంచి చొంగ. ఒళ్ళంతా చెమట. కంటిపాపలు సూదిమొనలంత.

విషపరీక్షా కేంద్రం వరండాలో షెడ్డువాళ్ళంతా గోడకానుకుని నిలబడ్డారు. గేటు బయట మేస్త్రి బండి మీద కూర్చుని, వచ్చినవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసుకుంటున్నాడు.

డాక్టరమ్మ తలుపు తీసింది. "అతని రక్తంలో ఉన్నది పురుగుమందే. పక్క ఆస్పత్రిలో విరుగుడు ఎక్కిస్తున్నారు. కానీ కావాలనే తాగాడని మీ యజమాని కబురు చేశాడు."

"నిన్న సారా అన్నారు, ఇవాళ పురుగుమందు తాగాడంటున్నారా?" అంది అక్క. "రేపు నేనే పోశానంటారు."

"ఒక్కడి రక్తంలో దొరికితే తప్పు అతనిదంటారు. మీ అందరి రక్తంలో దొరికితే షెడ్డుదవుతుంది. పరీక్షకు ఎవరొస్తారు?"

ఎవరూ కదల్లేదు. మొన్న వేసవిలో ఒకడు పరీక్ష చేయించుకుంటే, ఒంట్లో విషమున్నవాడు పనికిరాడని యజమాని వెళ్ళగొట్టాడు.

"తేలితే పని పోతుంది," అన్నాడొకడు.

"తేలకపోతే నువ్వే పోతావు," అన్నాడు మూతలు విప్పే ముసలాయన. "ఒకణ్ణి తీసేస్తాడు, సరే. అందర్నీ తీసేసి వాడే కడుక్కుంటాడా?"

"కడగనీ తాతా. వాడి చేతులకీ కాస్త పని," అంది ముసలాయన పక్కనున్నామె.

నవ్వారు. నవ్వుతూనే ముసలాయన మూతి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. పక్కనున్నామె కూడా. చీకటి వరండాలో ఆ కళ్ళలోకి తను మొదటిసారి సరిగ్గా చూశాడు. అన్ని కంటిపాపలూ బావవే. కిటికీ అద్దంలో తన కళ్ళు చూసుకోవడానికి ధైర్యం చాల్లేదు.

"లోపలికెళ్ళినవాడు సాయంత్రం పనికి రానక్కర్లేదు," గేటు బయటినుంచి మేస్త్రి తాపీగా అన్నాడు.



"అందరం వెళ్దాం," అంది అక్క. "ఎవరు ముందు?"

"తలూపినవాడే," అన్నాడు ముసలాయన. "వాడి వెనక నేను."

అక్క తమ్ముడి వైపు చూడలేదు. చూసి ఉంటే తిట్టు కోసం ఎదురుచూసేవాడు. చూడకపోవడంతో ఎదురుచూడ్డానికి ఏమీ మిగల్లేదు. గడప దాటి స్టూలు మీద కూర్చున్నాడు. వెనక చెప్పులు ఒక్కటొక్కటిగా వరసలోకి జరుగుతున్న చప్పుడు. అతను చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతిని బల్ల మీద పెట్టాడు.