గాజుగొట్టానికి బొట్టు

గాజుమూత తీసి, ఎర్ర పెన్సిలు గీత దాకా ఆమ్లం పోసి, మళ్లీ మూత పెట్టి, యలమంద ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. పొద్దున ఆరున్నర నుంచి అరగంటకోసారి చేస్తున్న పనే. ఇది పదోసారి. కాలేజీకి మహర్నవమి సెలవు. గోడ గడియారానికి మాత్రం పండగా పబ్బమూ పట్టినట్టు లేదు, నింపాదిగా పదకొండు కొట్టింది.

యాభై ఆరేళ్ల మనిషి, సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. ఖాకీ చొక్కా జేబు దగ్గర ఆమ్లం చిమ్మి చిల్లులు పడ్డాయి. కింది పెదవికి ఎడమ పక్కన నల్లటి మచ్చ. చిన్నతనంలో రెడ్డిగూడెం తోటలో పచ్చి మామిడికాయ కొరికితే సొన కాల్చిన గుర్తు. మామిడి మండీలో కాయలు ఏరి నల్లబడ్డ చేతులు మాత్రం ఈ రెండేళ్లలో తేటపడ్డాయి. నూజివీడుకు ఎమ్మెస్సీ చదువు వచ్చినప్పటి నుంచి అతను చేసేదల్లా కెమిస్ట్రీ ల్యాబులో గాజుసామాను కడగడమే. అతను కడిగిన గాజు మీద నీళ్లు తెరలా జారిపోవలసిందే, చుక్క నిలవకూడదు. నిలిచిందా, మళ్లీ కడుగుతాడు. ఈ సంగతి ఎవరూ గమనించలేదు, అతనూ ఎవరితోనూ చెప్పుకోలేదు.

ఎదురుగా స్టాండుకు బిగించిన గాజుగొట్టం మూరన్నర పొడవుంటుంది. లోపల రవ్వంత సన్నటి తేనెరంగు గింజలు, వాటిపైన బెత్తెడు ఎత్తున ఆమ్లం. కింద చిన్న గాజుకుళాయి, దాని కింద సీసా. నిమిషానికి ఆరు చుక్కలు. మూడు రోజులుగా ఇలా కారుతూనే ఉంది.

ఇదంతా రాజ్యలక్ష్మి ప్రాజెక్టు పని. ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతోంది, మైలవరం రైతుల పిల్ల. కేరళ నుంచి తెప్పించిన సముద్రపు ఇసుకను ఆమ్లంలో ఉడికించి, వడకట్టి, ఆ నీళ్లను ఈ గింజల మీద పోసింది. అందులో ఉన్న థోరియం గింజల్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. తక్కిన లోహాలన్నీ ఆమ్లంతో పాటు ఒకటొకటిగా కిందికి దిగిపోతాయి. చివరికి థోరియం ఒక్కటే మిగలాలి, అదీ అణుకొలిమిలో పెట్టదగినంత శుద్ధంగా.

"అంటే కాయలు ఏరడమేగా అమ్మాయిగారూ," అన్నాడు మొదటిరోజు యలమంద.

"అదే బాబాయ్. కాకపోతే ఈ కాయలు కంటికి కనపడవు," అని నవ్విందా పిల్ల.

ఇప్పుడు నవ్వే ఓపిక ఆమెకు లేదు. వానాకాలంలో మొదటిసారి పెట్టిన గొట్టం ఎవరో కునుకు తీయడం వల్ల ఎండిపోయి, గింజలు పగుళ్లిచ్చి, పని మొత్తం మట్టిపాలైంది. ఉన్న ఇసుకలో చివరి గుప్పెడు ఈ గొట్టంలో ఉంది. పదిహేనో తారీకున బొంబాయిలో అణుశక్తి వాళ్ల ట్రైనింగ్ స్కూలుకి ఇంటర్వ్యూ. చేతిలో ఫలితం లేకుండా వెళ్లి వాళ్లకు ఏం చూపిస్తుంది? రాత్రంతా కాపలా కాసి, ఎర్రబడ్డ కళ్లతో ఇప్పుడే హాస్టలుకు వెళ్లింది, స్నానం చేసి నాలుగు మెతుకులు తిని రావడానికి. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి మూడోసారి చెప్పింది.

"గింజలు ఎండకూడదు బాబాయ్. ఏదన్నా తేడా వస్తే కింది కుళాయి కట్టెయ్. ఆగితే ఫరవాలేదు, ఎండకూడదు."

"మీరెళ్లి రండమ్మా. నేను కన్నార్పితేగా!"

నిజానికి యలమందకూ తన భయం తనకుంది. అతనిది ఇంకా టెంపరరీ ఉద్యోగమే. పర్మనెంటు చేయమని ఫైలు పైకి కదలడానికి సిద్ధంగా ఉంది, దసరా వెళ్లగానే ప్రొఫెసర్ వీరభద్రరావు గారు సంతకం పెట్టాలి. సంతకం ఇంకా పడనే లేదు, భార్య రమణమ్మ మాత్రం వీధి వీధంతా చెప్పేసుకుంది.

పదకొండున్నరకు లేచాడు. మూత తీశాడు, గీత దాకా పోశాడు. అప్పుడు జేబులోంచి చిన్న కాగితప్పొట్లం తీశాడు.

రెండు రోజుల కిందటే ప్రొఫెసర్ గారు స్పష్టంగా చెప్పారు. "ఈసారి ల్యాబులో పసుపులూ కుంకుమలూ వద్దు యలమందా. గుమ్మానికి తోరణం కట్టుకో, చాలు." తోరణం కట్టాడు. కానీ మనసు కుదుటపడలేదు. పద్నాలుగేళ్ల కిందట హనుమాన్ జంక్షన్ రైస్‌మిల్లులో పనిచేసేటప్పుడు, ఓ దసరాకు యజమాని ఊళ్లో లేక ఆయుధపూజ మానేశారు. వారం తిరక్కుండా తమ్ముడు సాంబయ్యను బెల్టు లాగేసింది. బొట్టు పెట్టకపోవడం వల్లే అని ఊరంతా అంది. అప్పటి నుంచీ యలమంద నవమినాడు చేతికింద ఉన్న ఏ వస్తువునూ బొట్టు లేకుండా వదల్లేదు. ఆ పిల్ల బతుకంతా ఈ గొట్టంలో ఉన్నప్పుడు దీన్నొక్కదాన్నీ ఎలా వదిలేస్తాడు?

వేలు తడి చేసుకుని, కుంకుమ అద్ది, గొట్టం మెడమీద గుండ్రంగా బొట్టు పెట్టాడు. దండం పెట్టుకోవడానికి చెయ్యి వెనక్కి తీస్తుంటే వేలికొసన అంటిన పలుకొకటి రాలి, తెరిచి ఉన్న మూతిలోంచి లోపల పడింది.

పడగానే ఎరుపు పసుపైంది. పసుపు దారంలా సాగి, మెల్లగా కిందికి దిగుతోంది.

కుంకుమ అంటే పసుపూ సున్నమూ. ఇంట్లో రమణమ్మ కలిపేదే, తన ఎదుటే కలిపింది. సున్నం అంటే మరో లోహమని ఈ ల్యాబులోనే విన్నాడు. అది గింజల్లోకి దిగిందంటే ఆ పిల్ల మూడు రోజుల పని, చివరి గుప్పెడు ఇసుక, బొంబాయి, అన్నీ పోయినట్టే.

ముందు కుళాయి కట్టేశాడు. కడిగిన రబ్బరు గొట్టం అందుకుని, ఒక కొస ఆ పసుపు పక్కనే ముంచి, రెండో కొస నోట పెట్టుకుని పీల్చాడు. ఆమ్లం నాలుకకు తగిలి భగ్గుమంది. ఉమ్మేసి, కొసను కింద బీకరులోకి వదిలాడు. ధార కట్టింది. గింజల మీద వేలెడు లోతు మిగిలేదాకా తీసేశాడు. గొట్టం గోడల వెంట కొత్త ఆమ్లం పోసి మళ్లీ తీశాడు. మూడోసారి కూడా తీశాడు. నోరు మండిపోతోంది. చిన్నప్పటి సొన గుర్తొచ్చింది గానీ, ఇది దానికన్నా మొండిది.

చివరికి గీత దాకా పోసి, మూత పెట్టి, కళ్లు చికిలించి చూశాడు. పసుపు ఎక్కడా లేదు. గింజలు తేనెరంగులోనే ఉన్నాయి.

ఇప్పుడు కుళాయి తిప్పితే చాలు. బీకరు కడిగేస్తే, ఎవరికి తెలుస్తుంది? బొట్టు తుడిచేస్తే సరి. సంతకం పడుతుంది, రమణమ్మ పరువు దక్కుతుంది. చెయ్యి కుళాయి దాకా వెళ్లింది కూడా.

అక్కడే ఆగిపోయింది. సాంబయ్య చావుకు ముందురోజు సాయంత్రం ఆ బెల్టు అతుకు దగ్గర కుట్టు వదులవడం యలమంద కళ్లారా చూశాడు. చెబితే మిల్లు ఆపాలి, యజమాని అరుస్తాడు, రేపు చెబుదాంలే అనుకున్నాడు. ఆ రేపు రాలేదు. ఊరంతా బొట్టు బొట్టు అంటుంటే తలవంచుకుని తనూ ఊకొట్టాడు. పద్నాలుగేళ్లుగా ఎన్ని వస్తువులకు ఎన్ని బొట్లు పెట్టినా ఆ మాట గొంతులో అలాగే ఉండిపోయింది.

కుళాయి తిప్పలేదు. పీట మీద కూర్చుని, మండే నోటితో గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయాడు.

పన్నెండుంబావుకు రాజ్యలక్ష్మి తడి జడతో వచ్చింది. గుమ్మంలోనే నిలబడిపోయింది. చుక్కలు పడటం లేదు.

"ఏంటి బాబాయ్? ఏమైంది?"

"తప్పు చేశానమ్మా," అని జరిగింది జరిగినట్టు చెప్పాడు. బీకరు చూపించాడు. అడుగున లేతపసుపు నీళ్లున్నాయి.

ఆ పిల్ల మొహంలో నెత్తురు లేదు. "సార్ వద్దన్నారు కదా! ఎందుకు పెట్టావు బాబాయ్, ఎందుకు?" అని అరిచింది. గొట్టం చుట్టూ తిరిగింది, వెలుతురుకు ఎదురుగా చూసింది. గింజలు తడిగానే ఉన్నాయి. అయినా కంటికి కనిపించనిది దిగలేదని ఎవరు చెప్పగలరు?

కుళాయి తిప్పింది. పైన పడ్డది కిందికి చేరడానికి రెండు గంటలు పడుతుంది. సున్నం దిగి ఉంటే అన్నిటికన్నా ముందు అదే వస్తుంది. బర్నరు వెలిగించి, ప్లాటినం తీగను చుక్కలో ముంచి నీలిమంటలో పెట్టి చూడాలి. మంట ఇటుకరంగుకు తిరిగిందంటే అంతా అయిపోయినట్టే.

ఒంటిగంటకు మొదలుపెట్టారు. ఐదు నిమిషాలకో చుక్క. ఆమె తీగ పట్టుకుంటే యలమంద కిటికీ తలుపులు మూసి చీకటి చేసేవాడు. మంట నీలంగానే ఉంది. మధ్యలో అరగంటకోసారి ఆమ్లం పోయడం మాత్రం మానలేదు. ఒకసారి మంట అంచు రంగు మారినట్టై ఇద్దరూ దాని మీదికి వంగారు. తీగ ఆమె వేళ్లకు తగిలిందట, కడిగి మళ్లీ పెడితే నీలమే. రెండు దాటింది. రెండున్నర. మూడు. మూడున్నరకు ఆమె తీగ పక్కన పెట్టి, బల్ల మీద తల వాల్చి భోరున ఏడ్చింది.

"దిగలేదు బాబాయ్. దిగలేదు!"

యలమంద కూడా కళ్లు తుడుచుకున్నాడు.

ఆమె ల్యాబు పుస్తకం తీసి, వేళలు వేసి, మంట పరీక్షల ఫలితాలు రాసింది. పదకొండున్నర దగ్గర కలం ఆగింది.

"ఇది రాయక్కర్లేదులే. ఏం కాలేదుగా. సార్ చూస్తే నీ ఫైలు..."

"రాయండమ్మా."

"బాబాయ్!"

"రేపు బొంబాయిలో ఏదన్నా తేడా కనిపిస్తే మీ చేతిమీద పెడతారు. ఎందుకొచ్చిందో పుస్తకంలో ఉండాలి." పుస్తకం ఆమె ముందుకు జరిపి, "చెప్పాల్సిన రోజున చెప్పకపోతే ఏమవుద్దో నేను చూశానమ్మా. మా తమ్ముణ్ణి చూశాను," అన్నాడు. ఆ మాట అతను పైకి అనడం అదే మొదలు.

ఆమె రాసింది. కింద యలమంద వంకర అక్షరాలతో సంతకం చేశాడు.

ఐదింటికి ప్రొఫెసర్ గారు వచ్చారు. పుస్తకం రెండుసార్లు చదివారు. కోపిష్టి మనిషి కాదు. అందుకే ఆ మాటలు మరీ బరువుగా వచ్చాయి.

"చెప్పావు, మంచిదే. కానీ వద్దన్నాక చేశావు. నీ ఫైలు మీద నేను ఏమని సంతకం పెట్టను యలమందా?"

"గొట్టాన్ని కాపాడింది ఆయనేనండీ," అంది రాజ్యలక్ష్మి.

"కాపాడాల్సిన అవసరం తెచ్చింది కూడా ఆయనే కదమ్మా. ఇది థోరియంతో పని, చూసీచూడనట్టు వదిలేసే తప్పు కాదు." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు యలమందా. అమ్మాయ్, ఆ బొట్టు తుడిచెయ్యి," అని గబగబా వెళ్లిపోయారు.

యలమంద సింకు వైపు తిరిగాడు. ఇంటికెళ్లి రమణమ్మతో ఏం చెప్పాలో తెలియలేదు. దిగులేసింది. కానీ పద్నాలుగేళ్లుగా గొంతులో ఉన్నది మాత్రం అక్కడ లేదు.

పసుపు నీళ్ల బీకరు కడిగాడు. ఎత్తి పట్టుకుని చూశాడు. నీళ్లు తెరలా జారిపోయాయి. బోర్లించి పెట్టి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"ఆరింటికి పొయ్యాలమ్మా. మరచిపోకండి."

"మరచిపోను బాబాయ్," అంది ఆ పిల్ల, మొహం ఇటు తిప్పకుండా.

వసారాలోకి వచ్చాక కిటికీలోంచి ఒక్కసారి వెనక్కి చూశాడు. ఆమె తడిగుడ్డ పట్టుకుని గొట్టం దగ్గర నిలబడింది. గాజును కింది నుంచి పైదాకా తుడిచింది, మెడ దగ్గరికి రాగానే చెయ్యి ఆగింది. బొట్టు చుట్టూ జాగ్రత్తగా తుడిచి, గుడ్డ పక్కన పడేసి, ముక్కాలిపీట మీద కూర్చుంది.

నిమిషానికి ఆరు చుక్కలు. గొట్టం మెడమీద, వేలిముద్ర గీతలతో సహా, ఎర్రటి బొట్టు అలాగే ఉంది.