పైకప్పు రాలిన మధ్యాహ్నం

ఇంగ్లండ్ నగరం నార్విచ్‌లోని ఆ పాత చర్చిలో టామ్సిన్‌కి అది మొదటి కచేరీ. మధ్యాహ్నం విరామంలో వచ్చిన ఆఫీసు జనం శాండ్‌విచ్‌లు తింటూ ఆమె ఆర్గన్ వాద్యం వాయిస్తుంటే వింటున్నారు. మంద్రస్వరం కోసం కాలి మీట నొక్కగానే గోడలు గుయ్యిమన్నాయి. ఆమె వేళ్ల మీద తెల్లటి పొడి రాలింది. తలెత్తి చూస్తే రాతి కప్పులో సన్నటి పగులు కనిపించింది.

"గారడ్ గారూ, పైనుంచి ఏదో రాలుతోంది," అంది వాయిస్తూనే.

పక్కన నిలబడి పేజీలు తిప్పుతున్న చర్చి కాపలాదారు గారడ్ నవ్వాడు. "నా చిన్నప్పట్నుంచీ రాలుతూనే ఉందమ్మాయ్. కొత్త కదా, అన్నీ భయంగానే ఉంటాయి. కానివ్వు."

నిజంగానే ఆమెకు భయంగా ఉంది. ఆపేస్తే చేతకాక పారిపోయిందంటారు. మళ్లీ మంద్రస్వరం వచ్చే చోటు దగ్గరపడుతోంది. అంతలో చిన్న రాతిపెచ్చు మీటల మీద టక్కున పడింది. టామ్సిన్ చేతులు తీసేసి లేచి నిలబడింది.

"అందరూ బయటికి వెళ్లండి! కప్పు కూలేట్టుంది!"

"పాపం, పాట మర్చిపోయినట్టుంది," అన్నారెవరో. ఇంకెవరో కిసుక్కున నవ్వారు. అయినా ఆమె మొహం చూసి ఒక్కొక్కరే లేచారు. గారడ్ కూడా సణుగుతూ కదిలాడు.

ఆఖరి మనిషి గడప దాటాక లోపల పెద్ద చప్పుడైంది. దుమ్ము తలుపులోంచి పొగలా బయటికొచ్చింది. ముందు వరస బెంచీలు రెండు ముక్కలై కనిపించాయి.

గారడ్ తన కోటు విప్పి టామ్సిన్ భుజాల మీద కప్పాడు.