టైలరమ్మ ముడుల దారాలు

టైలరు భార్యకు అంకెలు రావు. అందుకే ఆమె కొలతలన్నీ దారాల మీద ఉండేవి. ఒక్కో ఆడమనిషికి ఒక్కో దారం. మొదటి ముడి దాకా భుజం, రెండో ముడి దాకా చేయి, మూడో ముడి దాకా నడుము. నవ్వకండి తల్లులారా, ఆ దారాలతో కొలిచి కుట్టిన బట్ట ఒక్కటీ బిగుతైంది లేదు.

దేవుడి పేరు చెప్పి తుపాకులతో పట్నాన్ని ఏలుతున్నవాళ్లు, మగ టైలరు ఆడవాళ్లను కొలవకూడదన్నారు. ఆడవాళ్ల మాటా నవ్వూ సంగతీ మగవాళ్ల చెవిన పడకూడదన్నారు. మగతోడు లేకుండా వాళ్లు గడప దాటకూడదన్నారు. పాపం టైలరు మిషను ముందు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు.

"ఇంటింటికీ వెళ్లి నేను కొలుచుకొస్తా. నువ్వు వీధి గుమ్మం దాకా తోడొచ్చి, తర్వాత కుట్టు" అంది భార్య.

"అంకెలు రావుగా నీకు?"

"ముడేయడం వచ్చుగా! ముప్పై ఏళ్లుగా నిన్ను కొంగుకు ముడేసుకు తిరగట్లేదూ?"

అలా పొయ్యి మళ్లీ వెలిగింది. ఒకనాటి పొద్దున టైలరమ్మ దుకాణంలో దారాలు మేకులకు తగిలిస్తుంటే, ఆ ఏలేవాళ్ల కాపలావాళ్లు ఇద్దరు లోపలికి వచ్చారు. వాళ్లలో పెద్దవాడు పక్క వీధివాడే. మేకులకు వేలాడే దారాలు చూసి కళ్లెర్రజేశాడు.

"ఈ ముడులేంటి? చేతబడా? దుకాణానికి తాళం వేస్తాం!"

టైలరు లేచి చేతులు కట్టుకున్నాడు. టైలరమ్మ మాత్రం చల్లగా చెప్పింది. "కొలతలు నాయనా."

"నమ్మేదెలా?"

"చదివి వినిపిస్తా, నువ్వే చూడు. ఇది మీ అమ్మది. ఇదిగో భుజం. ఇక నడుమంటావా..."

"ఆగు పిన్నీ!" అతని చెవులు ఎర్రబడ్డాయి. పక్కవాడు దగ్గు నటిస్తూ వీధివైపు తిరిగాడు.

"ఆడవాళ్ల సంగతి బయట వినబడకూడదన్నది మీరే కదా. చదవనా, మాననా?"

"మానెయ్! లోపల పెట్టుకో అవి!" అంటూ ఇద్దరూ గబగబా మెట్లు దిగారు.

సాయంత్రం ఆ పెద్ద కాపలావాడి తల్లి టైలరు ఇంటికి వచ్చింది. మగతోడు లేకుండా గడప దాటరాదు కనుక బట్టల మూట మోస్తూ కొడుకే వచ్చాడు. తెర వెనక టైలరమ్మ పొద్దుటి గొడవ చెబుతూనే పాత దారం చుట్టి చూసి, "అక్కా, నడుము ముడి కాస్త జరపాలి" అంది. ఇద్దరూ పకపకా నవ్వారు.

తెర ఇవతల మూట పట్టుకుని నిలబడ్డ కొడుకుతో ఆ తల్లి అంది. "విన్నావురా? అమ్మ నవ్వితే ఆకాశం ఊడిపడలేదు. పొద్దున నువ్వు తాళం వేసుంటే ఈ ఇంట్లో పొయ్యి ఆరిపోయేది. భయపెట్టి చేయించేది భక్తి కాదు నాయనా, పెత్తనం. దేవుడి మీద ప్రేమ ఉంటే ముందు పక్కవాళ్లను వాళ్ల పని చేసుకు బతకనివ్వు."