డిప్పర్ కొడితే

మా ఊరు హినోకుచిలో రోడ్డు దాటాల్సినవాళ్లు, దాటడానికి గీసిన తెల్ల చారల దగ్గర రోడ్డుకు వీపు చూపించి నిలబడతారు. కారువాడికి మొహం చూపిస్తే ఆగమని అడిగినట్టుంటుంది, అది మర్యాద కాదు. కార్లన్నీ వెళ్లిపోయి చప్పుడు తగ్గిందని చెవికి తెలిశాక ఇటు తిరిగి గబగబా దాటేస్తారు. చిన్నప్పటినుంచీ నేనూ అలాగే నిలబడ్డాను. చిజురు అక్క వచ్చేదాకా అందులో వింత ఏదైనా ఉందని నాకు తోచలేదు.

అక్కది కొండల మధ్య ఇనా లోయ. నలభై ఆరో ఏట మా ఊరి చేపల మార్కెట్లో పనిచేసే నెమోతో సోహే అనే అతన్ని రెండో పెళ్లి చేసుకుని సముద్రపుటొడ్డుకు వచ్చింది. వచ్చిన నెలలోనే మా వృద్ధుల కేంద్రంలో వ్యాన్ డ్రైవరుగా చేరింది. పొద్దున ఇంటింటికీ వెళ్లి ముసలివాళ్లను ఎక్కించుకొస్తాం, సాయంత్రం దింపుతాం. పక్క సీట్లో కూర్చుని, ప్రతి గుమ్మం దగ్గరా దిగి వాళ్ల చెయ్యి పట్టుకోవడం నా పని.

మొదటి వారంలోనే ఒక ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పింది. రేవు దగ్గరి కూడలిలో కుడివైపు తిరగడానికి ఆగి ఉన్నాం. ఎదురుగా వస్తున్న ఐసు లారీ డిప్పర్ కొట్టింది. రెండుసార్లు లైట్లు వెలిగి ఆరాయి. అక్క తల వంచి కృతజ్ఞత చెప్పి, స్టీరింగ్ తిప్పేసింది. లారీ కీచుమంటూ వచ్చి నా తలుపుకు మూరెడు దూరంలో ఆగింది. లారీ అతను తిట్టలేదు. పిచ్చివాళ్లను చూసినట్టు మమ్మల్ని చూశాడు, అంతే.

"మా వైపు డిప్పర్ కొడితే 'ముందు మీరెళ్లండి' అని," అంది అక్క.

"ఇక్కడ 'వస్తున్నాను, కదలొద్దు' అని అక్కా."

ఈ సంగతి కేంద్రంలో చెప్పుకుని అందరూ నవ్వుకున్నారు. ఇసోజాకి గారు మాత్రం నవ్వలేదు. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. పాతికేళ్లు డ్రైవింగ్ స్కూల్లో నేర్పించారు. ఊళ్లో సగంమందికి, నాకు కూడా, స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. రిటైరయ్యాక, మా డ్రైవర్లు ఎవరైనా సెలవు పెడితే ఆ రోజుకు వచ్చి వ్యాన్ నడిపేవారు. ముప్పై తొమ్మిదేళ్లలో ఒక్క గీత కూడా పడని లైసెన్సు ఆయనది.

"చిజురు గారూ, ఏరు పారుతున్నప్పుడు మధ్యలో నిలబడితే మునిగేది మీరొక్కరే కాదు. నీళ్లు ఎటు పోతే అటు పోవాలి," అన్నారాయన.

అక్క డిప్పర్ సంగతి నేర్చుకుంది, లారీల దగ్గర జాగ్రత్తపడింది. కానీ చారల దగ్గర ఆగడం మానలేదు. మానడం తన వల్ల కాదని నాతో చెప్పింది. చారల పక్కన మనిషి కనబడితే కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోతుందట. వాళ్ల ఊళ్లో ఒకటో తరగతి పిల్లలు కూడా చెయ్యెత్తి దాటి, అవతలికి వెళ్లాక వెనక్కి తిరిగి, ఆగిన కారుకు వంగి నమస్కారం పెడతారట.

మేం రోజూ ఎనిమిదింబావుకు తీరం రోడ్డు మీద ఒక చారల దారి దాటేవాళ్లం. అక్కడ సిగ్నల్ లేదు. చారలకు ఇవతల హత్సునో మామ్మ ఇల్లు, అవతల ఆమె ముల్లంగి మడి. ఎనభై నాలుగేళ్ల మామ్మ, కొడుకూ కోడలూ పనికి వెళ్లగానే తోపుడు బండి పట్టుకుని మడికి బయలుదేరేది. ముప్పై ఏళ్లుగా ఆమె ఆ చారల మీద దాటనే లేదు. సిగ్నల్ దాకా అర కిలోమీటరు నడిచి, అక్కడ దాటి, మళ్లీ అర కిలోమీటరు వెనక్కి నడిచి వచ్చేది. ఒకరోజు కాళ్లు నొప్పిగా ఉండి కాసేపు చారల దగ్గర వీపు తిప్పి నిలబడింది. అక్క ఆగింది.

వ్యాన్ ఆగిన చప్పుడు విని మామ్మ తిరిగి చూసి, వెళ్లిపొమ్మని చెయ్యి ఊపింది. అక్క పాత అలవాటు కొద్దీ రెండుసార్లు డిప్పర్ కొట్టింది. మామ్మ ఇంకా గట్టిగా ఊపింది. మూడు రోజులు ఇదే తంతు. నాలుగో రోజు మామ్మ దాటింది. అవతలికి చేరి, బండి ఆపుకుని, నడుం విరిగేలా వంగి నమస్కరించింది. అక్క కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

నాకూ సంతోషమే వేసింది. అది ఎంతోకాలం నిలవలేదు. మా వెనక కార్లు హారన్ కొట్టేవి. ఒకరోజు నల్ల కారొకటి ఓపిక పట్టలేక మమ్మల్ని కుడివైపునుంచి దాటేసి దూసుకుపోయింది. అప్పుడు మామ్మ రోడ్డు మధ్యలో ఉంది. కారు గాలికి ఆమె తలగుడ్డ ఎగిరి పడింది. ఆ మర్నాటినుంచి అక్క వ్యాన్‌ని ఏటవాలుగా, ఎవరూ దాటలేకుండా ఆపడం మొదలుపెట్టింది. ఊళ్లో గొణుగుడు మొదలైంది. మా ఆయన కూడా, మీ వ్యాన్ వల్ల రోజూ పనికి ఆలస్యమవుతోందని ఎవరో అన్నారని చెప్పాడు.

ఏప్రిల్ చివరికి మామ్మ పక్కన ఇంకో ఇద్దరు ముసలాళ్లు చేరారు. ముగ్గురూ ఎనిమిదీ పదికే వచ్చి నిలబడేవారు. ఒక ఉదయం దూరంనుంచే చూశాను. ముగ్గురి మొహాలూ రోడ్డు వైపే ఉన్నాయి. తెల్ల వ్యాన్ కోసం చూస్తున్నారు. అక్క డిప్పర్ కొట్టిందో లేదో, వ్యాన్ ఇంకా కదులుతూండగానే, మామ్మ తోపుడు బండి చక్రాలు చారల మీదికి వచ్చేశాయి.

మా కేంద్రానికి తెల్ల వ్యాన్లు నాలుగున్నాయి. ఊళ్లో ఇంకెన్ని ఉన్నాయో ఎవరికి తెలుసు.

ఆ మాట అక్కతో అన్నాను. ఆమె వెంటనే దిగి వెళ్లి, వ్యాన్ పూర్తిగా ఆగాకే దాటండి, నేనే ఉన్నానని చూసుకుని దాటండి అని ముగ్గురికీ చెప్పింది. మామ్మ నవ్వుతూ తలూపింది. "నాకు నీ మొహం ఎక్కడ కనబడుతుందే తల్లీ, అద్దం మెరుస్తుంటే. నువ్వు లైటేస్తావుగా, అదే గుర్తు నాకు."

ఆ తరవాత డిప్పర్ మానేద్దామని అక్క చూసింది. డిప్పర్ కొట్టకపోతే ముగ్గురూ అయోమయంగా నిలబడిపోయేవారు, వెనక కార్లు మోగేవి, చివరికి కొట్టక తప్పేది కాదు. పాత సిగ్నల్ దారినే వెళ్లమని బతిమాలి చూసింది. వినలేదు. అప్పటినుంచి అక్క సెలవన్నది పెట్టలేదు. జ్వరంతో మాస్కు పెట్టుకుని వచ్చింది. వేరే రూటు ఇస్తామంటే వద్దంది. పాముకి పాలు అలవాటు చేసినవాళ్లలా అయిపోయింది మా బతుకు. పోసినా భయమే, మానేసినా భయమే.

జూన్‌లో ఆమె తండ్రి సంవత్సరీకం వచ్చింది. ఒక్కతే కూతురు, వెళ్లక తప్పదు. ఆమె పెట్టిన రెండు రోజుల సెలవుకూ ఇసోజాకి గారు వ్యాన్ నడపడానికి వస్తారని తేలింది. ముందురోజు మధ్యాహ్నం, వ్యాన్ కడుగుతూ అక్క నాతో అంది:

"మిత్సుఏ, ఆయనకి నేను చెబితే నవ్వి ఊరుకుంటారు. నువ్వు ఆయన శిష్యురాలివి. ఆ చారల దగ్గర డిప్పర్ మాత్రం కొట్టొద్దని చెప్పు. ఆగకపోయినా పరవాలేదు, లైటు వెయ్యొద్దని చెప్పు. మర్చిపోవుగా?"

"మర్చిపోను," అన్నాను.

మర్చిపోలేదు కూడా. పొద్దున గేటు దగ్గర వ్యాన్ ఎక్కేటప్పుడు ఆ మాట నా నాలుక మీదే ఉంది. సముద్రంనుంచి పొగమంచు లేచి రోడ్డంతా పాలు ఒలికినట్టుంది. ఇసోజాకి గారు హుషారుగా ఉన్నారు. ముందురోజు గాలానికి పడిన చేప గురించి చెబుతున్నారు. ఆ మాట అయ్యాక చెబుదామనుకున్నాను. తరవాత మొదటి ఇల్లు వచ్చింది. తరవాత రెండోది. క్లచ్చు మీద కాలు వణికే వయసులో నాకు బండి నేర్పిన మనిషికి, లైటు ఎక్కడ వెయ్యాలో ఎక్కడ వెయ్యకూడదో నేనెలా చెప్పను? ఒకసారి నోరు తెరిచి "ముందు చారలున్నాయండీ," అన్నాను. "తెలుసమ్మా, నాకు తెలీని చారలా," అన్నారాయన ప్రేమగా. నేను నవ్వేశాను.

మంచులో ఆయన నిదానంగానే నడుపుతున్నారు. చారల పక్కన బూడిదరంగు ఆకారం ఒకటి కనబడింది. మంచుకు మిగతా ఇద్దరూ రాలేదు, మామ్మ ఒక్కతే ఉంది. మంచులో మా వ్యాన్ కనబడదేమోనని, పెద్దామె తెలియక అడుగు వేస్తుందేమోనని, మా ఊరి మర్యాద తెలిసిన డ్రైవరు ఎవరైనా చేసే పనే ఆయన చేశారు. రెండుసార్లు డిప్పర్ కొట్టారు.

మామ్మ తల వంచి నమస్కరించింది. బండి ముందుకు తోసింది.

నేను "ఆపండి" అన్నాను. ఆయన అప్పటికే బ్రేకు తొక్కారు. తడి రోడ్డు. వ్యాన్ ఎడమ మూల తోపుడు బండికి తగిలింది, బండి మామ్మకు తగిలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు.

దిగి పరుగెత్తాను. మామ్మ చారల మీద పక్కకు పడి ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుని, తప్పు చేసిన పిల్లలా అంది: "పిలిచింది కదే. లైటేసి పిలిచింది, అందుకే వచ్చాను."

తుంటి ఎముక విరిగింది. తొమ్మిదో రోజున ఆసుపత్రిలో ఊపిరితిత్తులకు నెమ్ము చేసి పోయింది.

ప్రమాదం జరిగిన సాయంత్రమే అక్క రైలు దిగి, సంవత్సరీకానికి కట్టుకున్న నల్లబట్టలతోనే ఆసుపత్రికి వచ్చింది. వరండాలో నన్ను చూసి ఒక్క మాటే అడిగింది.

"చెప్పావా ఆయనకి?"

"చెప్పాను," అన్నాను.

ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలియదు. చెప్పలేదనడానికి నోరు తెరిస్తే ఆ మాట వచ్చింది. పోలీసులు చూసింది చెప్పమన్నారు, చూసింది చెప్పాను. చట్టం ప్రకారం చారల మీద మనిషికే హక్కు. ఇసోజాకి గారు ఏ వాదనా చెయ్యలేదు, లైసెన్సు తనే తిరిగి ఇచ్చేశారు. ఊరివాళ్లు ఆయన్ని ఏమీ అనలేదు. మామ్మకు రోడ్డు మీదికి రావడం నేర్పింది ఎవరు అని మాత్రం అన్నారు. చేపల మార్కెట్లో అక్క భర్త సోహేతో ఇద్దరు మాట్లాడటం మానేశారు. మామ్మ కోడలు, పోయినామె ముందు ధూపం వెయ్యడానికి వచ్చిన అక్కను లోపలికి రానిచ్చింది, టీ ఇచ్చింది, తల ఎత్తి చూడలేదు.

మామ్మను కడసారి చూడ్డానికి వెళ్లిన రాత్రి అక్క, ఇసోజాకి గారు ఆమె ఇంటి గుమ్మం దగ్గర ఎదురుపడ్డారు. అక్క గొంతు పెంచలేదు. "మిత్సుఏ ముందే చెప్పిందిగా. అయినా ఎందుకు వేశారు?" అంది.

ఆయన నా వైపు చూశారు. తరవాత అక్కకు నడుం దాకా వంగి, "అవును. నా తప్పే," అన్నారు.

నలభై రోజులు నా అబద్ధం నాలో పడి ఉంది. కేంద్రంలో తల ఎత్తి తిరిగాను, ముసలివాళ్ల చేతులు పట్టుకుని ఎక్కించాను, దింపాను. ఇంట్లో ముల్లంగి తరుగుతుంటే వేళ్లు ఆగిపోయేవి. ఇసోజాకి గారు బజారుకు నడిచి వెళ్లడం చూస్తే పక్క సందులోకి తిరిగేదాన్ని. ఒకరోజు అందరినీ దింపేసి, ఖాళీ వ్యాన్ కేంద్రంలో ఆపాక, అక్క తాళంచెవి తీస్తుండగా చెప్పేశాను.

అక్క తాళంచెవి మళ్లీ పెట్టి బండి స్టార్ట్ చేసింది.

"నాకు కాదు చెప్పాల్సింది. పద."

ఇసోజాకి గారు పెరట్లో గాలాలకు దారం చుడుతున్నారు. నేను మట్టిలోనే మోకాళ్ల మీద కూర్చుని, నుదురు నేలకు ఆనించి, ఆరోజు చెప్పలేదని, తరవాత అబద్ధమాడానని చెప్పాను. ఆయన దారం పక్కన పెట్టారు.

"నువ్వు చెప్పలేదని నాకు తెలీదా అమ్మా? పక్కనే ఉన్నానుగా," అన్నారు. మళ్లీ అన్నారు: "నేను రోజూ ఒకటే ఆలోచిస్తున్నాను. నువ్వు చెప్పి ఉంటే నేను వినేవాడినా అని. మంచులో మనిషి కనబడితే నా చెయ్యి ఊరుకునేదా అని. వినేవాణ్ణి అనుకుంటే నీ మీద కోపం వస్తుంది. వినేవాణ్ణి కాదనుకుంటే నిద్ర పట్టదు. ఏదన్నది తేలటం లేదు."

అక్క మట్టిలో నా పక్కన కూర్చుంది. ఇసోజాకి గారి భార్య టీ తెచ్చి అరుగు మీద పెట్టి, మా ముగ్గురినీ చూసి లోపలికి వెళ్లిపోయింది. టీ చల్లారిపోయేదాకా ఎవరమూ ముట్టుకోలేదు.